తీసెయ్యమన్నదే మిగిలింది

సన్నిపాత జ్వరం నుంచి లేచినవాళ్లకు, అలా లేచినవాళ్లను ఇంట్లో పెట్టుకున్నవాళ్లకు పనికొస్తుందేమోనని ఇది రాస్తున్నాను. నా మనసు కుదుటపడడానికి కూడా. రాయడం నాకు పెద్దయ్యాక వచ్చిన విద్య. అక్షరాలు తిన్నగా నిలబడవు, మాటలు అప్పుడప్పుడు తోవ తప్పుతాయి. దేవుడు నన్ను ఎందుకు పడుకోబెట్టాడో, ఎందుకు లేపాడో పూర్తిగా అర్థమయ్యాక రాద్దామనుకున్నాను. అర్థమయ్యేలా లేదు. అందుకని అర్థమైనంతవరకే రాస్తున్నాను.

నా పేరు లేయమ్మ. బాప్తిస్మానికి ముందు పోలమ్మని. మాది ఆత్రేయపురానికి దిగువన, కాలువ గట్టు మీద చేపలు పట్టేవాళ్ల పేట. నా భర్త దావీదు కాలువ మీద పడవ నడుపుతాడు. మేమిద్దరం సంఘంలో చేరాం గాని మా అత్త సూరమ్మ చేరలేదు. ఆమె గంపలో చేపలు పెట్టుకుని ఊరూరా అమ్ముతుంది. తన అమ్మవారికి తాను మొక్కుకుంటుంది. నన్ను ఇప్పటికీ పోలీ అనే పిలుస్తుంది.

నా పని వేదం చెప్పడం, అంటే ఇళ్లకు వెళ్లి బైబిలు వాక్యాలు వినిపించడం. మగవాళ్ల ఉపదేశం వాకిట్లోనే ఆగిపోతుంది. లోపలి ఆడవాళ్ల దగ్గరికి ఆడమనిషే వెళ్లాలి. అందుకని మిషను బంగళాలో ఉండే మా దొరసానిగారు నాలాంటివాళ్లను కొందరిని కూడదీసి, వాక్యాలు నేర్పించి ఇళ్లకు పంపేవారు. నాకు వచ్చిన చదువు కూడబలుక్కుని చదివే చదువు. వంటింటి గుమ్మంలో కూర్చుని అలా చదివితే వినేవాళ్లకు నిద్రొస్తుంది. కాబట్టి ముందురోజే కంఠస్థం చేసుకుని వెళ్లేదాన్ని. నెలకోసారి మేమంతా బంగళా వరండాలో కూర్చుని, నేర్చుకున్నవి దొరసానిగారికి ఒప్పజెప్పాలి. అందులో నేనే ముందు. ఎవరు తడబడినా ఆవిడ నావైపు చూసేవారు, నేను అందించేదాన్ని. అది నాకు గర్వంగా ఉండేది. గర్వం పాపమని తెలుసు గాని, వాక్యం గురించిన గర్వం పాపం కాదేమోలే అనుకునేదాన్ని.

నాలో ఉన్న పాపం వేరే ఉందని నా నమ్మకం. ఏ ఇంటికి వెళ్లినా ఆ ఇంటి సంగతులు నాకు అంటుకుపోయేవి. ఎవరి కోడలు పుట్టింటి నుంచి తిరిగి రాలేదో, ఎవరి గేదె చూడి నిలవలేదో, ఎవరి మరిదికి ఎవరితో మాటల్లేవో ఒక్కసారి వింటే చాలు, జీడి మరకలాగ పోయేది కాదు. ఒక ఇంటి మాట ఇంకో ఇంట్లో అన్నదాన్ని కాను. కాని మళ్లీ ఆ ఇంటికి వెళ్లినప్పుడు అడగకుండా ఉండలేకపోయేదాన్ని. ఒకరోజు దొరసానిగారు నాతో వచ్చారు. ఆ ఇంటావిడను నేను వాక్యం కంటే ముందు, "మీ తమ్ముడుగారు పొలం గొడవ మానుకున్నారాండి?" అని అడిగాను. ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. చెబుతూ ఏడ్చింది. పొద్దుగూకింది. వాక్యం చెప్పనే లేదు.

తిరిగి వస్తున్నప్పుడు గట్టు మీద దొరసానిగారు మెల్లగా అన్నారు. "లేయమ్మా, మనము వాక్యము ఇచ్చుటకు వెళ్లుచున్నాము. ఇంటి సంగతులు పోగుచేయుటకు కాదు."

కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది. మర్నాటి నుంచి వేకువ ప్రార్థనలో ఒకటే అడిగేదాన్ని. తండ్రీ, లోకుల సంగతులు నా తలలోంచి తీసెయ్యి, ఆ చోటు కూడా నీ వాక్యానికే ఇవ్వు అని. అలా నెలల తరబడి అడిగాను. అప్పుడు జ్వరం వచ్చింది.

శ్రావణం

గోదావరికి ఎర్రనీరు తగిలి, పులసలు ఎదురెక్కుతున్న రోజులు. అత్తకు ఊపిరాడనంత బేరం. నాకు ఒళ్లు నొప్పులతో మొదలైంది. చలిజ్వరమనుకున్నాం. కషాయం తాగి రెండిళ్లు తిరిగాను కూడా. చదివేవాళ్లకు నా మనవి ఒకటే. తలనొప్పితో వచ్చి, సాయంత్రానికి పెరిగి, తెల్లారినా పూర్తిగా దిగని జ్వరాన్ని చలిజ్వరమని సరిపెట్టుకోకండి. నేను సరిపెట్టుకున్నాను.

ఆ తర్వాతది నాకు ముక్కలు ముక్కలుగానే తెలుసు. తాటాకు కప్పు నా మీదికి దిగి, మళ్లీ పైకి పోయేది. నాలుక చెక్కలా ఉండేది. అత్త గంప దించగానే ఆ వాసనకి కడుపులో తిప్పేది. నేను పుట్టి పెరిగిన వాసన అది. ఒళ్లంతా కాలిపోతున్నా నేను వాక్యాలు చెబుతూనే ఉన్నానని, అందుకే చావడం లేదని అనుకునేదాన్ని. నేను నిజంగా ఏం చెప్పానో తర్వాత అత్త చెప్పింది.

"వాక్యమా నా బొందా! 'పులసమ్మా పులసా' అని కేకేశావే. నడిమధ్యలో ఒక ఆమెన్. నా గిరాకీ అంతా నీ మంచం చుట్టూ చేరుతుందేమోనని భయమేసింది."

ఒక మధ్యాహ్నం కాస్త తెలివి వచ్చి చూస్తే నా కుడిచేతికి పసుపు దారం కట్టి ఉంది, దానికో వేపాకు. కట్టినప్పుడు నేను వద్దన్నానో, ఊరుకున్నానో, చెయ్యి చాపానో ఇప్పటికీ గుర్తులేదు. దావీదు పడవ దిగి వచ్చి అది చూశాడు. కత్తి తెచ్చి తెంపేశాడు.

"ఏంట్రా ఆ తెంపడం?" అంది అత్త. "నీ దేవుడు నీకు. నా భయం నాది. నా భయానికో దారం కట్టుకోనివ్వవా?"

దావీదు తెంపిన దారాన్ని కాలువలో పారేస్తాడనుకున్నాను. పారెయ్యలేదు. తల్లి చేతిలో పెట్టి బయటికి వెళ్లిపోయాడు. ఆమె దాన్ని మంచం కోడుకి కట్టింది.

"ఇక్కడైతే మీ సంఘానికి పేచీ లేదు కదా. కోడుకి బాప్తిస్మం ఇవ్వలేదుగా."

నాకు నవ్వు వచ్చింది. నవ్వే బలం లేక కళ్లంట నీళ్లు వచ్చాయి. ఆమె నేను ఏడుస్తున్నాననుకుని తల నిమిరింది. నేను కాపురానికి వచ్చాక ఆమె నా తల మీద చెయ్యి వెయ్యడం అదే మొదలు.

భాద్రపదం

మూడు వారాల జ్వరం అంటారు గాని నాది ఇంకా ఎక్కువే పట్టింది. దిగాక పథ్యం పెట్టారు. పలచని గంజి, తర్వాత మెత్తటి అన్నంలో పొట్లకాయ కూర. జుట్టు దువ్వెనకి గుత్తులు గుత్తులుగా వచ్చేసింది. అత్త ఆ జుట్టంతా ఉండచుట్టి పట్టుకుని, "కొండకి వెళ్లకుండానే తలనీలాలు ఇచ్చేశావు కదే పోలీ! ఇంతకీ నీ దేవుడికి ఇచ్చావా, నా దేవుడికా?" అంది. జుట్టు పోయినందుకు నేను బాధపడలేదు. అది మళ్లీ వస్తుందని అందరూ చెప్పారు.

అసలు పోయిందేమిటో సంఘపెద్ద వచ్చిన రోజు తెలిసింది. ఆయన ప్రార్థన చేసి, లేస్తూ, "ఏదీ లేయమ్మా, ధైర్యానికి నీ నోటితో ఒక వాక్యం చెప్పు, విని వెళ్తాను" అన్నారు. నేను నోరు తెరిచాను.

ఏమీ లేదు.

నాలుక తడబడడం కాదు, మొదటి మాట అందకపోవడం కాదు. బావిలో చేద వేస్తే నీళ్ల చప్పుడు కాకుండా అడుగున రాయి చప్పుడైనట్టు అయింది. చిన్నపిల్లలకు నేర్పే కాపరి కీర్తన కూడా లేదు. సంఘపెద్ద నొచ్చుకుని, "ఫరవాలేదమ్మా, నీరసం" అని వెళ్లిపోయారు. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. ఎన్నేళ్ల కష్టం అది! వేకువన లేచి, వరి దంచుతూ, పొయ్యి ఊదుతూ, పడవలో కూర్చుని ఒక్కొక్క మాటా పోగేసుకున్నాను. ఒక్క జ్వరానికి తుడిచిపెట్టుకుపోయింది.

అప్పుడే ఇంకో సంగతి కూడా తెలిసింది. పొరుగింటి పిల్ల గంజి పట్టుకొస్తే, "మీ అమ్మ పంటి నొప్పి తగ్గిందా? లవంగ నూనె తెస్తానన్న మీ మావయ్య తెచ్చాడా?" అని అడిగాను. అడిగాక నాకే తట్టింది. ఆ మాట జ్వరం రాకముందు ఎప్పుడో విన్నది. తడుముకున్నకొద్దీ అవన్నీ ఉన్నాయి. పొలం గొడవలు, మాటల్లేని మరుదులు, చూడి నిలవని గేదెలు, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. తీసెయ్యమని నేను బతిమాలుకున్నవి చెక్కు చెదరలేదు. ఉంచమన్నది ఒక్కటీ మిగల్లేదు.

దేవుడు పొరపాటు పడడు. మరి పడింది ఎవరు? నేను సరిగ్గా అడగలేదా? అడిగింది విని, నా గర్వం చూసి, ఇదిగో నీ అసలు పాపం అని వేరేది తీశాడా? వాక్యం లేని మనిషిలో దేవుడు ఉంటాడా, ఖాళీ చేసి వెళ్లిపోతాడా? ఈ ప్రశ్నలు ఎవరిని అడగాలో తెలియలేదు. సంఘపెద్దను అడిగితే అవిశ్వాసం అంటారేమోనని భయం. దేవుణ్ణి అడుగుదామంటే నా ప్రార్థనలన్నీ వాక్యాలతోనే కట్టుకున్నవి, ఇప్పుడు ప్రార్థించడానికి కూడా మాటల్లేవు.

పుస్తకం ముందేసుకుని మళ్లీ నేర్చుకోబోయాను. పొద్దున్న నేర్చుకున్నది సాయంత్రానికి ఉండేది కాదు. ఒకరోజు పుస్తకం మూసేసి ఏడుస్తుంటే, అటుపక్క చేపలు తోముతున్న అత్త విసుక్కుంది.

"ఆ కాపరిదే కదా? రోజూ వేకువన నా చెవులు తినేసిందే కదా? మేకల్ని తోలుకెళ్లి గట్టు మీద పచ్చికలో పడుకోబెడతాడు. కర్ర పట్టుకుని చీకట్లో తోడొస్తాడు. తర్వాత ఏదో భోజనం. ఇంతకీ ఆ మేకలెవరివే?"

"మేకలు కాదత్తా, గొర్రెలు."

"ఏదో ఒకటి. వలకి కన్నం పడితే కూర్చుని కుట్టుకుంటారు గాని గోదారిని తిట్టరు. ఊరుకో."

నేను ఎవరినీ తిట్టలేదు. కాని ఆ కన్నం ఎక్కడ పడిందో కనిపిస్తే కదా కుట్టుకోవడానికి?

ఆశ్వయుజం

జ్వరం తిరగబెట్టింది. ఈసారి దావీదు ఎవరి మాటా వినలేదు. నన్ను పడవలో చాప మీద పడుకోబెట్టి, లాకు దాటించి, గోదావరి అవతలికి రాజమహేంద్రవరం తీసుకెళ్లాడు. రేవులో పడవ కట్టి, అక్కడే సరుకు ఎక్కించి దించే పని చూసుకుంటూ, వారానికోసారి నన్ను నడిపించి ధర్మాసుపత్రికి తీసుకెళ్లేవాడు. అన్నం కూడా తనే వండేవాడు. ఉప్పు ఒకరోజు సముద్రం, ఒకరోజు శూన్యం.

వెళ్లే దారిలో, లాకు తలుపులు తెరవడానికి ఎదురు చూస్తున్నప్పుడు అతనితో చెప్పాను. "మావా, నా లోపలంతా ఖాళీ అయిపోయింది. వాక్యం ఒక్కటీ లేదు."

అతను గడ మీద చెయ్యి ఆనించాడు. "ఖాళీ పడవ తేలిగ్గా పోతుంది" అన్నాడు.

"నేను చస్తుంటే నీకు వేళాకోళమా?"

"వేళాకోళం కాదే. నాకు తెలిసింది పడవే కదా. అదే చెప్పాను."

ఆ రోజంతా నేను అతనితో మాట్లాడలేదు. ఓదార్చడం చేతకాని మనిషిని ఓదార్చమని అడగడం నా తప్పేనని ఇప్పుడు తెలుస్తోంది. అతని ఓదార్పు గడ వెయ్యడంలో ఉంది. నేను పడుకున్నంతసేపూ ఒక్క కుదుపు లేదు.

ఆసుపత్రి డాక్టరుగారు నాడి చూసి, నాలుక చూసి, సీసాలో మందు పోయించారు. మందు సంగతి చెప్పాక నేను నిలబడే ఉంటే, "ఇంకేంటమ్మా?" అన్నారు.

"నేర్చుకున్నవన్నీ మరిచిపోయానండి. తిరిగి వస్తాయాండి?"

"కొందరికి వస్తాయి, కొందరికి రావు. నేను చెప్పలేను. ముందు గంజి తాగు, ఒళ్లు రానీ."

చెప్పలేనని చెప్పిన మొదటి మనిషి ఆయన. నాకు ఎందుకో అది కాస్త హాయిగా అనిపించింది.

కార్తీకం

ఆ ఆసుపత్రి వరండా గురించి చెప్పాలి. మందు కోసం వచ్చిన ఆడవాళ్లంతా స్తంభాల మధ్య కింద కూర్చునేవాళ్లం. ఒక చివర గోడవారగా బల్ల ఉండేది. దాని మీద కోమట్ల ఇంటావిడ ఒకరు తన కోడలితో కూర్చునేవారు. రత్నమ్మగారని, బజారులో వాళ్లకు పెద్ద కొట్టు. మనిషి నిండుగా, నగలతో, మూతి బిగించుకుని ఉండేవారు. కోడలు కామాక్షి పూచికపుల్లలా ఉండేది. మొదటి వారం ఆవిడ మాలో ఎవరివంకా చూడలేదు.

రెండో వారం ఆవిడ ఒక్కరే వచ్చారు. నేను ఆపుకోలేకపోయాను.

"మీ కోడలు రాలేదేంటండి ఇవ్వాళ? ఆ చెమటలు పట్టడం తగ్గిందాండి?"

ఆవిడ ఉలిక్కిపడ్డారు. "నీకెవరు చెప్పారు?"

"కిందటి వారం మీరు డాక్టరుగారితో అంటుంటే వినబడిందండి."

"బాగుంది! ఊళ్లోవాళ్ల రోగాలన్నీ మూటగట్టుకుపోవడానికి వచ్చావా ఇక్కడికి? మందు కోసం కాదూ?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను తల మీది కొంగు ముందుకు లాక్కున్నాను. దొరసానిగారు గట్టు మీద అన్న మాటా, ఇక్కడ ఈవిడ అన్న మాటా ఒక్కటే. ఒకరు వేదం తెలిసినావిడ, ఒకరు కాదు. ఇద్దరికీ నాలో కనిపించింది ఒకటే అయితే అది నిజమే అయ్యుండాలి. జ్వరం కూడా కడగలేని మురికి అది అనుకున్నాను.

మూడో వారం నేను ఎవరినీ ఏమీ అడగకూడదని ఒట్టు పెట్టుకుని వెళ్లాను. స్తంభం దగ్గర కూర్చుంటే ఎండ మొహాన కొడుతోంది. బల్ల మీద నుంచి పిలుపు వచ్చింది.

"ఇదిగో, గుండుపిల్లా. అక్కడ ఎండ. ఇలా రా."

బల్ల పక్కన నేల మీద, ఆవిడ నీడలో కూర్చున్నాను. ఆవిడ మొహం వీధివైపు పెట్టుకునే చెప్పడం మొదలుపెట్టారు. చెమటలు తగ్గలేదు. దగ్గులో ఎరుపు కనబడింది. కొడుక్కి చెబితే పుట్టింటికి పంపేద్దామంటాడు. ఇంటాయనకి చెబితే కొడుక్కి రెండో పెళ్లి మాట ఎత్తుతాడు. ఆ పిల్ల ఈవిడ సొంత మేనకోడలు, ఈవిడ చేతుల మీద పెరిగింది.

"ఇంట్లో ఒకళ్లతో అనడానికి లేదు. నీకంటావా, ముందే తెలుసు. తెలిసినదానికి చెబితే కొత్తగా చెప్పినట్టు కాదు కదా" అన్నారు. నేను ఏమనాలో తెలియక ఊరుకున్నాను. ఒకప్పుడైతే వాక్యం చెప్పేదాన్ని. ఇప్పుడు ఊరుకోవడం ఒక్కటే వచ్చు.

లేచేటప్పుడు ఆవిడ బొట్టు లేని నా నుదురు చూసి, "మీవాళ్లు దేవుడికి మనుషుల పేర్లు పెట్టి చెబుతారటగా. దాని పేరు కామాక్షి. చెబుతావా?" అన్నారు.

చెబుతానన్నాను. కాని చెప్పలేదు. ఏ మొహం పెట్టుకుని చెప్పను? తీసెయ్యమని నెలల తరబడి నేను మొత్తుకున్న సంగతుల్లాంటిదే ఇదీ. దాన్నే తీసుకెళ్లి మళ్లీ ఆయన ముందు పెట్టనా? ఆ తర్వాతి వారం రత్నమ్మగారు రాలేదు. మేం ఊరికి బయలుదేరే వేళకి కూడా రాలేదు.

తిరుగు ప్రయాణంలో నాకు బలం వచ్చింది, ఆలోచనా వచ్చింది. ఇన్నేళ్లు ఇళ్లల్లోకి నన్ను ఎందుకు రానిచ్చారు? వాక్యం కోసమా? ఒకావిడ వాక్యం మొదలుపెట్టగానే బియ్యంలో రాళ్లు ఏరుకునేది. వెళ్తున్నప్పుడు మాత్రం గుమ్మం దాకా వచ్చి, "మళ్లీ ఎప్పుడొస్తావు?" అనేది. ఇంకో ఇంట్లో మామగారు నన్ను గెంటేస్తే కోడలు పెరటిదారిన పిలిచింది. పిలిచి ఏమడిగింది? కీర్తన కాదు. "మా చెల్లి కబురేమైనా తెలిసిందా, ఆ ఊరు కూడా వెళ్తావు కదా?" అని. అప్పుడు ఇవన్నీ నాకు పని చెడగొట్టే అడ్డాలుగా కనబడ్డాయి. ఇప్పుడు అవి వరసగా గుర్తొస్తున్నాయి. అలాగని వాక్యం అక్కర్లేదనుకోవడం కూడా నావల్ల కాదు. నన్ను మనిషిని చేసింది ఆ వాక్యమే. రెండూ ఒకేసారి నిజమైతే వాటిని ఎక్కడ కలపాలో నాకు తెలియలేదు.

మార్గశిరం

క్రిస్మసు పండుగకు ముందు అందరూ ఒప్పజెప్పాలి. నలుగురిలో నోరు తెరిచి నిలబడడం కంటే ముందే చెప్పుకోవడం మేలని ఒక ఉదయం ఒక్కదాన్నే బంగళాకి వెళ్లాను. దొరసానిగారు నా తల చూసి కుర్చీ లోంచి లేచారు. కూర్చోమన్నారు. కాఫీ ఇప్పించారు. నేను తాగలేకపోయాను.

"నా చోటు ఇంకొకరికి ఇవ్వండమ్మగారూ. నాలో వాక్యం లేదండి."

ఆవిడ నమ్మలేదు. పుస్తకం తెరిచి మొదటి మాట అందించారు. రాలేదు. ఇంకోటి అందించారు. అదీ రాలేదు. నేను ఒకప్పుడు అందరికీ అందించినవే అవి. ఆవిడ పుస్తకం మూసి, దాని మీద చెయ్యి వేశారు.

"నియమము అందరికిని ఒక్కటే, లేయమ్మా" అన్నారు చివరికి. "వాక్యము లేకుండ నిన్ను పంపలేను."

"తెలుసండి."

"వెళ్లకముందు ప్రార్థించుము."

మోకాళ్లూనాం ఇద్దరం. తండ్రీ అన్నాను. ఆ తర్వాత మాట లేదు. గడియారం చప్పుడు వినబడుతోంది. ఇంక లేచి వెళ్లిపోదామనుకున్నాను. అప్పుడు నా నోట, కామాక్షి అని వచ్చింది.

ఆ ఒక్క పేరు వచ్చాక నేను ఆపలేకపోయాను. కామాక్షి దగ్గు, వీధివైపు మొహం తిప్పుకున్న ఆమె అత్త, పంటి నొప్పి తల్లి, తమ్ముడితో పొలం గొడవ పడ్డావిడ, చెల్లి కబురు కోసం పెరటిదారిన చూసే కోడలు, చెయ్యి కాలి ఆసుపత్రి వరండాకి మందు కోసం వచ్చిన లంక పిల్ల, ఉప్పు తెలియని నా మొగుడు. ఒకరి వెనక ఒకరు వచ్చారు. వాక్యంలో ఒక్క ముక్క లేదు. అంతా ఇళ్ల సంగతులే. అలా వస్తూ వస్తూ ఇంకొకటి వచ్చింది. దాన్ని ఆపి ఉండాల్సింది.

"తండ్రీ, ఏటా ఈ నెలలో ఈ తోటలో ఆ మూల దారిన నడవని తల్లి ఒకరున్నారు. అక్కడున్న చిన్న సమాధి రాతి మీద పేరు వాళ్ల అక్షరాల్లో ఉంది. నాకు చదవడం రాదు. నీకు తెలుసు కదా ఆ బిడ్డ."

అని నాకు నేనే భయపడి ఆమెన్ అనేశాను. కళ్లు తెరవడానికి ధైర్యం చాలలేదు. ఏ పనికి నన్ను మందలించారో ఆ పనే, ఆవిడ ఇంట్లో, ఆవిడ మీదే, దేవుడి ఎదుట చేశాను.

దొరసానిగారు లేవలేదు. మోకాళ్ల మీదే ఉండి అన్నారు. "ఆలిస్. దాని పేరు ఆలిస్. దానికి పండ్లు కూడ రాలేదు."

నేను ఆ పేరు మెల్లగా పలికి చూసుకున్నాను.

"ఇన్ని సంవత్సరములలో ఎవరును నన్ను అడుగలేదు. నీవును అడుగలేదు, లేయమ్మా. నీకు తెలిసియు."

"ఇంటి సంగతులు అడగకూడదన్నారు కదండీ. అందుకని అడగలేదండి."

ఎత్తిపొడుపుగా అనలేదు. దేవుడు సాక్షి. నిజంగా అదే కారణం. ఆవిడ నావైపు చూశారు. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో తెలియని మొహంతో రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నారు. తర్వాత ఆ బిడ్డ గురించి చెప్పారు. ఎప్పుడు పుట్టింది, ఏ జ్వరంతో పోయింది, ఎలా నవ్వేది. నా కాఫీ చల్లారిపోయింది. ఆవిడ చెప్పింది నేను ఇక్కడ రాయను. అది ఆవిడ సంగతి.

నియమం మారలేదు. పండుగ తర్వాత, బడిలో చదువుకుని కొత్తగా చేరిన రాహేలు అనే పిల్లను నాకు జత చేశారు. ఆ పిల్ల గడగడా చదువుతుంది. "చదువుట ఆమె పని" అన్నారు దొరసానిగారు. "నీవు ప్రక్కన కూర్చుండుము. అడుగవలసినది అడుగుము." గేటు దాకా వచ్చి, వెనక నుంచి మళ్లీ పిలిచి, "పొద్దు గూకకమునుపే వాక్యము చదివించుము" అన్నారు.

ఇప్పుడు ఒళ్లు కుదుటపడింది. వాక్యాలు కొన్ని తిరిగి వచ్చాయి, విరిగిన పెంకుల్లా. ఒకదాని చివర ఇంకోదానికి అతుక్కుని వస్తాయి. మొత్తం వస్తాయో రావో తెలియదు. కామాక్షి ఏమైందో కూడా నాకు తెలియదు. రాజమహేంద్రవరం వెళ్లే పడవవాళ్లందరినీ కనుక్కోమని చెబుతున్నాను. నా లోపల మంచిది అనుకున్నది పోయినప్పుడు, చెడ్డది అనుకున్నది ఎందుకు నిలిచిందో, దేవుడు నా ప్రార్థన వినలేదో, వినే వద్దనుకున్నాడో, అది కూడా తేలలేదు. ఒక్కటి మాత్రం జ్వరాల్లోంచి లేచేవాళ్లకు చెప్పగలను. పోయినదాన్ని వెతుక్కుంటూ కూర్చోక, పోనిది ఏమిటో ఒకసారి తడిమి చూసుకోండి. మీకు అది సిగ్గుగా అనిపించినా సరే. నాకు ఇప్పటికీ కాస్త సిగ్గుగానే ఉంది.

బంగళా నుంచి వచ్చిన మర్నాడు, వేకువన ఎప్పటిలాగే కూర్చున్నాను. అలవాటు కొద్దీ, లోకుల సంగతులు తీసెయ్యి అన్న మాట పెదవుల దాకా వచ్చింది. అక్కడే ఆపేశాను. ఆపాక ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక దగ్గరున్నవాళ్లతో మొదలుపెట్టాను. గొంతు తగ్గించి, తండ్రీ, మా అత్త సూరమ్మకు మోకాలు నొప్పి, పైకి చెప్పదు, గంప ఎత్తుకునేటప్పుడు గోడ పట్టుకుంటోంది అన్నాను.

దడికి అటుపక్క చాప కదిలింది.

"ఒసే పోలీ! నా సంగతేనా ఆయనకి చెబుతున్నావు?"

తిడుతుందనుకున్నాను.

"చెప్పేదేదో సరిగ్గా చెప్పు. కుడి మోకాలు. ఎడమది బాగానే ఉంది."